ఎన్నికల ఏజెంటుగా సంతకం పెట్టే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ బాబాయి గారు ఉప ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా అసెంబ్లీకి పోటీ చేస్తున్నారు. గురువారం నామినేషన్. మీరు ఉద్యోగానికి సెలవు పెట్టి ఊరికి వచ్చి ఆయనకు ఎన్నికల ఏజెంటుగా ఉండబోతున్నారు. ‘ఒక్క రూపాయి పంచకుండా, ఎవరినీ తిట్టకుండా ప్రచారం చేయాలని మా ఉద్దేశం. అవతలి ఇద్దరూ పంచుతారని ఊరందరికీ తెలుసు. ఇలాంటి చోట న్యాయంగా పోటీ చేయడమంటే ఆచరణలో ఏమిటి? గెలిచే వీలుందా?’ అని అడిగారు.

నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో పోలింగ్ విధులు, ఆ తర్వాత అభ్యర్థుల ఖర్చులు చూసే బృందాల్లో పని. కొన్నాళ్లు ఫిర్యాదు రాగానే వెళ్లి పట్టుకునే ఫ్లయింగ్ స్క్వాడ్ జీపులోనూ తిరిగాను. కాబట్టి రాజకీయం చెప్పలేను. లెక్కల బల్ల వెనక కూర్చున్నవాడికి కనిపించేది చెబుతాను.

గెలుపు సంగతి చివర్లో చూద్దాం. ముందు మీరు సంతకం చేయబోయే కాగితం గురించి. ఎన్నికల ఏజెంటు నియామకం ఫారం 8లో జరుగుతుంది. చిన్న కాగితం. దాన్ని బూత్ ఏజెంటు పాసులాంటిదే అనుకుని గబగబా గీకేసేవాళ్లను చాలామందిని చూశాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 100వ సెక్షన్ ఒకసారి తీసి చదవండి. గెలిచిన అభ్యర్థి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు గానీ, ఆ ఇద్దరిలో ఎవరి సమ్మతితోనైనా వేరొకరు గానీ అవినీతికర చర్యకు పాల్పడినట్టు హైకోర్టులో రుజువైతే ఆ ఎన్నిక చెల్లదు. ఆపైన ఆరేళ్ల వరకు అనర్హత పడే వీలుంది. ఏవి అవినీతికర చర్యలో 123వ సెక్షన్‌లో ఉంది: లంచం, బెదిరింపు, కులమతాల పేరిట ఓటు అడగడం, అభ్యర్థి వ్యక్తిత్వంపై అబద్ధపు ప్రచారం, ఓటర్లను బండ్లలో తరలించడం, పరిమితి మించిన ఖర్చు, ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడం, బూత్‌ల ఆక్రమణ.

నేను ఇక్కడ ‘సమ్మతి’ అన్న మాట దగ్గర ఆగుతాను. ప్రచారం మొదలైన నాలుగైదు రోజులకు ఎవరో ఒకరు మీ దగ్గరకు వస్తారు. మంచివాడే, మీ బాబాయి మీద అభిమానం ఉన్నవాడే. ‘ఆ కాలనీ సంగతి నాకు వదిలేయండి. మీకేమీ తెలియనట్టు ఉండండి’ అంటాడు. మీరు అవునని అనరు, కాదనీ అనరు, తల పక్కకు తిప్పుకుంటారు. నేను చూసినంతలో ప్రచారాలు చెడిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. సమ్మతి రాతపూర్వకంగానే ఉండాలని ఏమీ లేదు. జరిగిన తీరును బట్టి, మీ ప్రవర్తనను బట్టి కూడా కోర్టు దాన్ని నిర్ధారించవచ్చు. అందుకే అలా వచ్చిన మనిషికి అక్కడికక్కడే, ఇద్దరి ఎదుట, ‘వద్దు’ అని నోరు తెరిచి చెప్పండి. మొహమాటపడితే మీ మొహమాటం మీ బాబాయి ఖాతాలో పడుతుంది.

ఈ విషయంలో దేశం మొత్తానికి తెలిసిన కేసు రాయ్‌బరేలీది. 1971లో ఇందిరాగాంధీ అక్కడ రాజ్‌నారాయణ్‌పై లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆ ఎన్నికను కొట్టివేశారు. దుప్పట్లు, మద్యం పంచారన్న ఆరోపణలు కూడా పిటిషన్‌లో ఉన్నాయి. అవి నిలబడలేదు. నిలబడినవి రెండే. యశ్‌పాల్ కపూర్ అనే అధికారి ప్రభుత్వోద్యోగం నుంచి పూర్తిగా బయటపడకముందే ఆమె ఎన్నికల పని చేశారన్నది ఒకటి. సభలకు వేదికలు, మైకులకు కరెంటు ఏర్పాట్లు రాష్ట్ర ప్రభుత్వ అధికారులు చేసిపెట్టారన్నది రెండోది. తర్వాత చట్టాన్ని సవరించారు, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది, మధ్యలో ఎమర్జెన్సీ వచ్చింది, అదంతా వేరే చరిత్ర. లెక్కల మనిషిగా నా కళ్లకు ఆనేది మాత్రం కాగితం ఉన్న రెండు ఆరోపణలే నిలిచాయన్నది. ఒకటి రాజీనామా ఆమోదపు తేదీ, రెండోది వేదికలు కట్టిన శాఖల దస్త్రాలు.

ఇక అసలు పుస్తకం దగ్గరకు వద్దాం. నామినేషన్ వేసిన రోజే రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో మీ చేతికి ఒక ఖర్చుల రిజిస్టర్ ఇస్తారు. అందులో మూడు రంగుల పేజీలు ఉంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరి నుంచి ఈ అంకెలు అమల్లో ఉన్నాయి. స్వతంత్ర అభ్యర్థికి 40 లక్షలు ఎక్కడివి, పరిమితితో మాకేం పని అనుకోకండి. పరిమితి దాటడం ఒక తప్పు, లెక్క సరిగా రాయకపోవడం ఇంకో తప్పు. రెండోదాన్ని అంటించుకునేది ఎక్కువగా మీలాంటి చిన్న అభ్యర్థులే.

ప్రచారం సాగుతుండగా మూడుసార్లు ఆ రిజిస్టర్ తీసుకుని వ్యయ పరిశీలకుల ముందుకు రావాలి. బల్లకు ఇవతల మా దగ్గర ఇంకో పుస్తకం ఉంటుంది, షాడో రిజిస్టర్ అంటాం. మీ సభలను వీడియో బృందం తీస్తుంది, ఆ వీడియోను ఇంకో బృందం కూర్చుని చూస్తుంది. కుర్చీలు, బ్యానర్లు, కార్ల నంబర్లు, మైకు సెట్లు, వేదిక కొలత అన్నీ రాసుకుంటుంది. కుర్చీకి ఇంత, షామియానాకు ఇంత, కప్పు టీకి ఇంత, ప్లేటు ఉప్మాకు ఇంత అని జిల్లాలో ముందే పార్టీలను పిలిచి ధరల పట్టిక ఖాయం చేస్తారు. ఆ పట్టిక ప్రతి ఒకటి మొదటిరోజే అడిగి తీసుకోండి. మీరు తక్కువకు తెచ్చామంటే బిల్లు చూపాలి. లేకపోతే పట్టికలో ధరే పడుతుంది.

ఒకసారి ఒక పెద్ద అభ్యర్థి తాలూకు ఏజెంటు తెచ్చిన పుస్తకంలో సభకు 200 కుర్చీలని ఉంది. మేం వీడియో ఆపి, వరుసకు ఎన్నో లెక్కపెట్టి, వరుసలు లెక్కపెట్టాం. వెయ్యి దాటాయి. ఆయన ఏమాత్రం తడుముకోకుండా ‘మిగతావి పక్క వీధిలో పెళ్లివాళ్లవి సార్, జాగా లేక ఇక్కడ వేసుకున్నారు’ అన్నాడు. ‘పెళ్లివాళ్లు అభ్యర్థి కండువాలు కప్పుకుని వచ్చారా?’ అని మా సహోద్యోగి అడిగితే గదిలో అందరూ నవ్వారు. నవ్వాక నోటీసు ఇచ్చాం. 48 గంటల్లో జవాబు ఇవ్వాలి. ఇచ్చారు, తేడా ఒప్పుకున్నారు, పుస్తకం సరిదిద్దారు.

అదే ఎన్నికలో ఒక రిటైర్డ్ పంతులుగారు స్వతంత్రంగా నిలబడ్డారు. ఆయన తెల్ల పేజీలో ఒక పద్దు నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘పులిహోర, 30 మందికి. బియ్యం ఇంటివి, వంట ఇంటిలో. వెల?’ అని రాసి, వెల దగ్గర ఖాళీ వదిలి, మమ్మల్ని అడగడానికి వచ్చారు. ఇంట్లో బియ్యమైనా, స్నేహితుడు ఊరికే ఇచ్చిన కారైనా, తమ్ముడు కొట్టించి పెట్టిన ఫ్లెక్సీ అయినా ఎన్నికకు వాడితే బజారు వెల కట్టి రాయాల్సిందే. పట్టిక చూసి ప్లేటు ధర చెప్పాం, ఆయన గుణించి రాసుకుని వెళ్లారు. ఆ పుస్తకంలో మాకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

చేతికి నగదు అలవాటైనవాళ్లకు బ్యాంకు నియమం చికాకు పుట్టిస్తుంది. ఎన్నిక కోసమే వేరే ఖాతా తెరవాలి, ఖర్చంతా అందులోంచే వెళ్లాలి. ఒకే మనిషికి లేదా సంస్థకు ఎన్నిక మొత్తంలో 10 వేలకు మించి ఇవ్వాల్సివస్తే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. నగదు కుదరదు. ప్రచారం పనిమీద తిరిగే బండిలో 50 వేలకు మించిన నగదు కాగితాలు లేకుండా దొరికితే పట్టుకుంటారు. మీ ఫ్లెక్సీ అతను ‘నగదిస్తే తగ్గిస్తా’ అంటాడు. తగ్గించినదాని కంటే తర్వాత సంజాయిషీ రాసుకోవడానికి పట్టే రాత్రులే ఎక్కువ.

ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌ను 2011లో ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హురాలిగా ప్రకటించింది. ఎన్నికలప్పుడు రెండు హిందీ పత్రికల్లో వార్తల రూపంలో వచ్చిన ప్రచారం ఖర్చును లెక్కలో చూపకపోవడమే కారణం. మీ విలేకరి మిత్రుడెవరైనా ‘ప్యాకేజీ’ అనే మాట ఎత్తితే ఈ పేరు గుర్తు తెచ్చుకోండి.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పకపోతే నిజాయితీ కాదు. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది గానీ, పార్టీ ఖర్చుకు చట్టంలో పరిమితే లేదు. పెద్ద పార్టీ అగ్రనేత హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి పుస్తకంలోకి రాదు. మీ బాబాయి పులిహోర మాత్రం వస్తుంది. నియమాలు అందరికీ సమానం అని నేను మీకు చెప్పను.

పంపకాల విషయానికి వస్తాను. మీ ప్రశ్న సగం దీని గురించే.

డబ్బు పంచడం బయటినుంచి చూసేవాళ్లు ఊహించుకునేంత గుట్టుగా ఉండదు, ఫిర్యాదు చేసేవాళ్లు అనుకున్నంత బాహాటంగానూ ఉండదు. సుమారు వంద ఓట్లకు ఒక మనిషి. అతని దగ్గర ఓటర్ల జాబితాలో ఆ వీధి తాలూకు పేజీలు. టిక్కులు, ఇంటూలు, ప్రశ్నార్థకాలు. ప్రశ్నార్థకాల ఇళ్లకే మొదట వెళతారు. ఇప్పుడు నోట్ల బదులు ఫోన్ చెల్లింపులు, టోకెన్లు కూడా వచ్చాయి. మేం ఒక రాత్రి పట్టుకున్న టోకెన్లు అగ్గిపెట్టె మూతంత కాగితాలు. పార్టీ గుర్తు లేదు, పేరు లేదు. మూలన పచ్చ సిరా చుక్క, వెనక చేత్తో రాసిన ఒక అంకె. అవి ఒక కిరాణా కొట్టు గల్లాపెట్టెలో దొరికాయి. పాత బాకీ చీటీలని కొట్టు యజమాని అన్నాడు. మాకూ మొదట అలాగే తోచింది. జీపెక్కబోతుంటే ఒక ముసలమ్మ అదే చీటీ పట్టుకుని వచ్చి ‘నూనె ప్యాకెట్లు అయిపోయాయా నాయనా?’ అని మమ్మల్నే అడిగింది. మళ్లీ లోపలికి వెళ్లి ఆ అంకెలను ఓటర్ల జాబితాతో పోల్చితే, అవన్నీ ఆ పోలింగ్ కేంద్రం క్రమసంఖ్యలు. కేసు పెట్టాం. అభ్యర్థికీ ఆ చీటీలకూ సంబంధం చూపే కాగితం ఒక్కటీ దొరకలేదు. కేసు కొట్టు యజమాని దగ్గరే ఆగిపోయింది.

కాబట్టి ‘పంచుతున్నారు’ అని కలెక్టరుకు నాలుగు పేజీల లేఖ రాస్తే దానికి అందినట్టు రసీదు వస్తుంది, అంతే. పనికొచ్చేది జరుగుతుండగా తీసిన దృశ్యం. ఎన్నికల సంఘం వారి ఫిర్యాదుల యాప్ సీ విజిల్ 2018 నుంచి ఉంది. ఫొటో గానీ, రెండు నిమిషాల లోపు వీడియో గానీ అందులోనే తీయాలి. గ్యాలరీలో పాతది పెట్టనివ్వదు. చోటు తనే గుర్తిస్తుంది. పేరు చెప్పకుండానూ పంపవచ్చు. ఐదు నిమిషాల్లో ఫిర్యాదును బృందానికి అప్పగించాలి, పదిహేను నిమిషాల్లో వాళ్లు చేరాలి, ముప్పై నిమిషాల్లో చర్య, యాభై నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి నిర్ణయం, మొత్తం నూరు నిమిషాలు. ఊరికి దూరంగా ఉన్న తండాకు పదిహేను నిమిషాల్లో మా జీపు ఎన్నిసార్లు చేరిందో అడగకండి. అయినా ఆ ఫిర్యాదుకు సమయం, చోటు నమోదవుతాయి. రేపు హైకోర్టుకు వెళితే అవే ఆధారం. పిటిషన్ వేయడానికి ఫలితం తర్వాత 45 రోజులే గడువు.

మీ కుర్రాళ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పంచుతున్నవాణ్ణి చుట్టుముట్టడం, సంచీ లాక్కోవడం, బండి తాళం తీసుకోవడం వద్దు. సంచీ మీ చేతిలోకి వచ్చిన మరుక్షణం ఆ డబ్బు మీదేనని అవతలివాళ్లు అంటారు. ఒకసారి మేం వెళ్లేసరికి రెండు వర్గాలూ ఒకే సంచీని చెరోవైపు పట్టుకుని, నీదంటే నీదని అరుచుకుంటున్నాయి. దూరం నుంచి తీయండి, పంపండి, ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి, అక్కడే ఉండి బృందం వచ్చాక సాక్షి సంతకం పెట్టండి. సంతకం పెట్టే మనిషి లేకే సగం కేసులు నీరుగారతాయి.

ఓటరు వైపు నుంచి కూడా ఒక మాట. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఓటు కోసం ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడూ లంచం నేరం చేసినవాడే. ఆ మాట మాత్రం ప్రచారంలో ఓటర్లను బెదిరించడానికి వాడకండి. కూలికి వెళ్లే ఇల్లాలి ముందు నిలబడి ‘నువ్వు నేరస్థురాలివి’ అంటే న్యాయమైన ప్రచారం అయిపోదు, ఓటూ రాదు. అన్నట్టు, మేనిఫెస్టోలో పథకం ప్రకటించడం లంచం కాదు. 2013లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో ఆ విషయం తేల్చింది. హామీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలని ఆ తర్వాత ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్)లో చేర్చారు. ఎవరు చెబుతున్నారు అంటే నా దగ్గర జవాబు లేదు.

డబ్బుతో పాటు వచ్చేది ఒట్టు. పసుపు ముద్ద మీదో దేవుడి పటం మీదో చెయ్యి వేయించి ‘మాకే వేస్తానని ప్రమాణం చెయ్యి’ అంటారు. ఇది పల్లెల్లో డబ్బు కంటే గట్టిగా పనిచేస్తుంది. డబ్బు తీసుకుని వేరేవాళ్లకు వేయగలిగిన మనిషి ఒట్టు తప్పడానికి వెనకాడతాడు. దేవుడి ఆగ్రహం తగులుతుందని ఓటరును నమ్మించడం 123వ సెక్షన్ దృష్టిలో అనుచిత ప్రభావం, అది విడిగా ఒక అవినీతికర చర్య. మీవాళ్లెవరైనా భక్తి కొద్దీ, ఒక్క రూపాయి ఇవ్వకుండానే, గుడి ముందు ఇలాంటి ఒట్టు వేయించినా అదే చిక్కు. గుడి, మసీదు, చర్చి ప్రచార వేదికలు కావు.

కులం సంగతి ఇంతకంటే సున్నితం. మన దగ్గర అది తిట్ల రూపంలో రాదు, భోజనాల రూపంలో వస్తుంది. ఆత్మీయ సమ్మేళనం అంటారు. 2023 నవంబరులో తెలంగాణ ఎన్నికలు కార్తీకమాసంలో పడ్డాయి. వనభోజనాలు ఎలాగూ కులాల వారీగానే జరుగుతాయి కదా, ఉసిరి చెట్టు కింద అభ్యర్థికి ఒక కుర్చీ వేస్తే సరిపోతుంది. పిలిస్తే వెళ్లడం తప్పు కాదు. కానీ అక్కడ ‘మనవాడు’ అన్న మాటతో ఓటు అడిగితే తప్పు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తీర్పుతో ఈ సంగతి స్పష్టం చేసింది. అభ్యర్థి కులమతాలే కాదు, ఓటరు కులమతాల పేరిట అడిగినా అవినీతికర చర్యే. మీ బాబాయిని వెళ్లి నాలుగు మాటలు చెరువు గురించి, రోడ్డు గురించి మాట్లాడి రమ్మనండి. ఆయన మాట్లాడింది మీరే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ భోజనం ఖర్చు ఎవరిదో తేల్చకుండా మాత్రం విస్తరి ముందు కూర్చోవద్దని చెప్పండి. అభ్యర్థి ప్రచారానికి వాడుకున్న భోజనం మీ తెల్ల పేజీలోకి రావచ్చు.

మాట తీరు గురించి కోడ్ చెప్పేది సూటిగానే ఉంది. ఎదుటివారి విధానాలు, పని, గత చరిత్ర విమర్శించవచ్చు. ప్రజాజీవితంతో సంబంధం లేని ఇంటి విషయాలు, రుజువు లేని ఆరోపణలు వద్దు. ‘ఎమ్మెల్యేగా ఐదేళ్లలో మా ఊరికి రెండుసార్లు వచ్చారు’ అనవచ్చు. ‘ఆయన రెండో సంసారం’ అనకూడదు. ఇందులో చట్టానికి దొరికేది ఏమిటంటే, అబద్ధమని తెలిసో, నిజమన్న నమ్మకం లేకుండానో వ్యక్తిత్వం మీద వేసే నింద. మీ బాబాయి అలా మాట్లాడరని నమ్ముతాను. మాట్లాడేది ఆటోలో మైకు పట్టుకున్న కుర్రాడు, వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి మేలుకున్న అభిమాని. మైకు కుర్రాడికి ఏం చదవాలో కాగితం మీద రాసివ్వండి, కాగితం దాటి ఒక్క మాట వద్దనండి. మైకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పనికిరాదని ఎలాగూ తెలుసు కదా.

ఫోన్‌లో కనిపించే ప్రచారానికి లెక్క వేరేగా ఉంది. అభ్యర్థి సామాజిక మాధ్యమ ఖాతాలు నామినేషన్ అఫిడవిట్‌లోనే చెప్పాలి. టీవీ, కేబుల్, ఇంటర్నెట్ ప్రకటనలకు జిల్లా మీడియా కమిటీ ముందస్తు అనుమతి కావాలి, ఖర్చు పుస్తకంలో పడాలి. మార్చిన గొంతులు, అల్లిన వీడియోలు వస్తున్నాయి. అలాంటివి దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మే నెలలో ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది. మీకు వ్యతిరేకంగా ఒకటి వస్తే దాన్ని ‘చూడండి ఎంత అన్యాయమో’ అంటూ మీరే నలభై గ్రూపుల్లో పంచకండి. లింకు, సమయం, ఎవరి నంబరు నుంచి వచ్చిందో రాసుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీకు అనుకూలంగా ఒకటి వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు పరీక్ష. ప్రత్యర్థి నోట అనని మాట వినిపించే వీడియో మీ గ్రూపులో పడితే, తీసేయమని అదే గ్రూపులో మీ పేరుతో రాయండి. ఆ సందేశం ఉంచుకోండి. ఇందాక చెప్పిన ‘వద్దు’ ఇదే, రాతలో.

కాగితం మీద ముద్రించే ప్రతి పోస్టరు, కరపత్రం అడుగున ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఊరి ప్రెస్ అతనికి ఇది తెలుసు, అయినా మరచిపోతాడు. ప్రూఫు చూసేటప్పుడు మొదట కింది గీత చూడండి, తర్వాత మీ బాబాయి ఫొటో చూడండి.

అధికారంలో ఉన్నవాళ్ల మీద కోడ్ ఇంకో అధ్యాయం. అది మీకు వర్తించదు గానీ గమనించడానికి పనికొస్తుంది. 2023 నవంబరులో తెలంగాణలో రైతుబంధు జమకు ఎన్నికల సంఘం ముందు అనుమతి ఇచ్చింది, ప్రచారంలో దాన్ని వాడుకోకూడదన్న షరతుతో. ఒక సభలో ఆ జమ ఫలానా రోజు పడుతుందని మంత్రి చెప్పడంతో మూడు రోజులకే అనుమతి వెనక్కి తీసుకుంది. మీ దగ్గర కూడా ప్రభుత్వ అతిథిగృహంలో పార్టీ సమావేశమో, ఉద్యోగి ఎవరైనా ప్రచారంలో తిరగడమో కనిపిస్తే ఫొటో తీసి పంపండి. మీ పెదనాన్న కొడుకు గురుకులంలో పనిచేస్తాడని రాశారు కదా, ఆయన మీ వెంట కనబడకూడదు. సాయంత్రం డ్యూటీ అయ్యాక కూడా కనబడకూడదు.

పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందు సభలు, ఊరేగింపులు, టీవీ ప్రచారం అన్నీ ఆగిపోతాయి. ఆ నియోజకవర్గం ఓటరు కాని కార్యకర్తలు వెళ్లిపోవాలి. మీ ఓటు హైదరాబాద్‌లో ఉంటే ఈ నియమం మీ దాకా కూడా వస్తుంది, ఎన్నికల ఏజెంటు విషయంలో ఏం చేయాలో రిటర్నింగ్ అధికారిని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఇంటింటికీ నిశ్శబ్దంగా వెళ్లి అడగడం ఆ సమయంలోనూ తప్పు కాదు. ఓటరు చీటీలు మీరు పంచితే తెల్ల కాగితం మీదే ఉండాలి, అభ్యర్థి పేరు, గుర్తు ఉండకూడదు. పోలింగ్ రోజు మీ బల్ల కేంద్రానికి 200 మీటర్ల అవతల, ఒక బల్ల, రెండు కుర్చీలు. వంద మీటర్ల లోపల ఓటు అడగడం నేరం.

ఆ రోజు మిమ్మల్ని ఇరుకున పెట్టేది ఆటో. ఎండ మండుతుంటుంది, నడవలేని పెద్దాయన ‘నన్ను దించు నాయనా’ అంటాడు, మీవాళ్ల ఆటో పక్కనే ఉంటుంది. ఎక్కించడం మానవత్వం, అభ్యర్థి తరఫున ఓటర్లను ఉచితంగా తరలించడం అవినీతికర చర్య. నేనైతే ఒకటి చేయమంటాను. వికలాంగులకు, వృద్ధులకు రవాణా, వీల్‌చెయిర్ ఏర్పాటు ఎన్నికల యంత్రాంగం చేస్తుంది. వారం ముందే మీ ఊళ్లలో అలాంటివాళ్ల పేర్లు రాసి బూత్ స్థాయి అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 85 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కూడా ఉంది, దానికి ముందుగా దరఖాస్తు పెట్టాలి. మీ ప్రచారంలో ఇంతకంటే ఉపయోగకరమైన పని నాకు కనిపించదు.

గెలుపు గురించి అడిగారు. స్వతంత్ర అభ్యర్థి, ఉప ఎన్నిక, రెండు పెద్ద పార్టీలు. గెలుస్తారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. అయితే డబ్బుతోనే గెలుస్తారన్నదీ నేను నమ్మను. ఇద్దరూ పంచితే ఒకరు తప్పక ఓడతారు కదా. ఓడినవాడు పంచినది ఎక్కడికి పోయింది? ఇప్పుడు పంపకం గెలిపించడం లేదు, పోటీలో ఉన్నానని చూపించుకోవడానికి టికెట్టులా మారింది. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక వేళ తమకు డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కారు. రేషన్ అందలేదని అడిగినట్టు అడిగారు. మరోవైపు తమిళనాడులో 2017 ఏప్రిల్‌లో ఆర్కే నగర్ ఉప ఎన్నికను, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నికను డబ్బు కారణంగానే రద్దు చేశారు. తర్వాత మళ్లీ జరిపారు. రద్దు జరిగిందంటే ఎవరో ఒకరు లెక్కలతో సహా పట్టుకోగలిగారన్నమాట.

ఇందాక చెప్పిన పంతులుగారు ధరావతు (డిపాజిట్) కూడా దక్కించుకోలేదు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రావాలి, రాలేదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థులందరూ తుది లెక్క ఇవ్వాలి, ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఓడాక ఎవరు చూస్తారులే అని వదిలేసి మూడేళ్లు అనర్హులైన చిన్న అభ్యర్థుల జాబితా పెద్దదే. ఆయన పన్నెండో రోజే వచ్చారు, వోచర్లన్నీ దారంతో కుట్టి. తర్వాత కొన్నేళ్లకు మండలానికి పనిమీద వెళితే, ఆయన ఊళ్లో స్థానిక ఎన్నికలకు ఎవరో కుర్రాడు నిలబడుతూ, లెక్కలు ఎలా రాయాలో చూడటానికి ఆ పాత పుస్తకం నకలు అడిగి తీసుకెళ్లాడని చెప్పారు. ఆయనకు ఆ సంగతి చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

మీరు రాసినదాంట్లో బ్యాంకు ఖాతా ప్రస్తావన ఎక్కడా లేదు. నామినేషన్ వేసే నాటికి కనీసం ఒక రోజు ముందే అది తెరిచి ఉండాలి. గురువారం నామినేషన్ అంటే బుధవారం సాయంత్రానికల్లా పాసుపుస్తకం చేతిలో ఉండాలి. బాబాయి గారి పేరుతోనో, ఆయనా మీరూ కలిసి ఉమ్మడిగానో తెరవవచ్చు. కుటుంబసభ్యులతో, ఏజెంటు కాని మరెవరితోనైనా ఉమ్మడి ఖాతా కుదరదు. మీరు కొడుకు వరస కాబట్టి ఏజెంటు హోదాలోనే పేరు చేర్చాలని మేనేజరుకు చెప్పండి, లేదా చిక్కు లేకుండా ఆయన ఒక్కరి పేరుతోనే తెరవండి. ముందు ఆ పని చూసుకుని, మిగతా సందేహాలు తర్వాత అడగండి.